విమానానికి మేనమామ సీరు

నా బరువు ఎంతో నాకంటే మా ఆయనకే బాగా తెలుసు. కోయంబత్తూరులో మా పంపుల ఫ్యాక్టరీ గేటు పక్కన ఇనుము తూచే కాటా ఒకటి ఉంది. వారానికోసారి ఆయన నన్ను దాని మీద నిలబెట్టి, ముల్లు ఆగేదాకా ఊపిరి బిగబట్టి చూసేవారు. పెళ్ళయిన ఇన్నేళ్ళకు నా ఆరోగ్యం మీద ఇంత శ్రద్ధ పుట్టిందే అని మొదట్లో మురిసిపోయాను. తరవాత తెలిసింది, ఆ శ్రద్ధ నా మీద కాదు, తన విమానంలో పక్క సీటు మీద.

అవును, విమానమే. మా చుట్టాల్లో మగవాళ్ళు యాభై దాటాక కొందరు గుళ్ళు పట్టుకుంటారు, కొందరు పొద్దున నడక పట్టుకుంటారు. మా ఆయన రివెట్ గన్ను పట్టుకున్నారు. ఫ్యాక్టరీ వెనక షెడ్డులో పాత మోటార్లన్నీ ఒక మూలకు తోసేసి, అల్యూమినియం రేకులు పరిచి, ఇద్దరు పక్కపక్కన కూర్చునే చిన్న విమానం కట్టడం మొదలుపెట్టారు. విమానం నడిపే లైసెన్సు ఆయనకు పెళ్ళికి ముందే ఉంది. ఆ సంగతి పెళ్ళిచూపుల్లో మా వాళ్ళకు చెప్పలేదు, చెబితే పిల్లనివ్వరని. ఇక ప్రభుత్వ అనుమతుల కథ ఇక్కడ ఎత్తను. ఎత్తితే ఇందులో విమానం నేల విడవదు.

రేకులు కలిపి బిగించే రివెట్ కొట్టడానికి ఇద్దరు కావాలి. ఒకరు బయటి నుంచి గన్నుతో కొడితే, ఇంకొకరు రేకు వెనక ఇనప దిమ్మ అదిమి పట్టుకోవాలి. ఆ ఇంకొకరు నేను. రెక్కలో ఉన్న ప్రతి రివెట్ వెనకా నా చేయి ఉంది. చేతులకు వణుకు వచ్చి, అన్నం కలపబోతే కంచం గలగలలాడిన రోజులున్నాయి. అందుకే ఆయన ఒక మాట ఇచ్చారు, పక్క సీట్లో మొట్టమొదట కూర్చునేది నేనేనని. నాకు నగలు ఇస్తానంటే మర్చిపోయేదాన్నేమో, ఆ మాట మాత్రం మర్చిపోలేదు. ఆ సీటు నాకు కావాలి. ఎంత కావాలంటే, ఆయన లెక్కలో విమానం బరువు, పెట్రోలు, ఆయన, నేను అన్నీ కలిపి మొత్తం బరువు దాటకూడని గీతకు సరిగ్గా కింద ఆగేలా, రాత్రి అన్నం మానేసి రాగి జావకు మారాను. ఆ లెక్కలో నా చేతిసంచికి కూడా చోటు లేదు.

ఇంతలో మా అత్తగారు విమానాశ్రయానికి వెళ్ళారు, ఎవరినో చెన్నైకి సాగనంపడానికి. తిరిగి వచ్చి చెప్పులు కూడా విడవకుండా నేరుగా షెడ్డులోకి పోయి, మా రెక్కను ఈ కొస నుంచి ఆ కొస దాకా చూశారు. ఆవిడ నన్ను కోయంబత్తూరు పద్ధతిలో అమ్ముణీ అంటారు.

"అమ్ముణీ, ఆడ ఉండే విమానాలకంతా రెక్క కొసలో కమ్మలు పెట్టినట్ల పైకి తిప్పి ఉండాది. మనదానికి ఏమిటికి బోడి చెవులు?"

వాటిని వింగ్లెట్లు అంటారని ఆ రాత్రి భోజనాల దగ్గర మా ఆయన పాఠం చెప్పారు. దోసె చేతిలో పట్టుకొని మరీ చెప్పారు. రెక్క కింద గాలి ఒత్తిడి ఎక్కువ, పైన తక్కువ. కింది గాలి కొస చుట్టూ తిరిగి పైకి పారిపోవాలని చూస్తుంది. అక్కడ ఒక సుడి పుడుతుంది. ఆ సుడిని ఈడ్చుకుంటూ పోవడానికే ఇంజను బలంలో కొంత ఖర్చవుతుంది. దోసె అంచు పైకి మడిచినట్టు కొసను నిలబెడితే సుడి కొంచెం మెత్తబడుతుంది.

అయితే పెట్టేద్దాం అన్నాను.

మనకు వద్దన్నారు. పెద్ద విమానాలు బరువు మోస్తూ గంటలకొద్దీ పోతాయి, వాటికి ప్రతి చుక్కా లెక్కే. పైగా ఎయిర్‌పోర్టుల్లో వాటిని నిలిపే చోటు ఇరుకు, రెక్క పొడుగు పెంచుకోలేవు కాబట్టి పైకి తిప్పుకుంటాయి. మనది చిన్నది. మెల్లగా ఎక్కేటప్పుడు సుడి పెద్దదే కానీ, వేగం అందుకున్నాక అసలు ఖర్చు సుడిది కాదు, ఒంటికి గాలి రాసుకోవడానిది. వింగ్లెట్ పెడితే రాసుకునే ఒళ్ళు ఇంకాస్త పెరుగుతుంది, బరువూ పెరుగుతుంది. అంతగా కావాలంటే రెక్కనే అటూ ఇటూ మూరెడు పొడిగిస్తే అదే లాభం, పని సులువు.

"మరి పొడిగించండి."

"గోడౌన్ తలుపు పట్టదు."

విమానాన్ని ఉంచబోయేది పళనికి పోయే దారిలో, ఒక దూరపు బంధువు కొబ్బరితోటలో. అక్కడ ఒక మట్టి రన్‌వే, పక్కన ఒకప్పుడు ఎండుకొబ్బరి పోసుకున్న గోడౌన్ ఉన్నాయి. ఆ తలుపు వెడల్పు కొలిచే ఆయన రెక్క గీశారు.

అంటే ఎయిర్‌పోర్టు వాళ్ళ కష్టమే మనదీ అన్నమాట అన్నాను. ఆయన దోసె మడిచి నోట్లో పెట్టుకున్నారు. ఆ తరవాత కొన్ని వారాల పాటు, ఇంట్లో తోచనప్పుడల్లా వింగ్లెట్ల మాట ఎత్తి ఆయన్ను ఉడికించడం నాకు మంచి కాలక్షేపమైంది.

అత్తగారు మాత్రం కాలక్షేపంగా తీసుకోలేదు. మావాళ్ళు ఆంధ్రదేశం వదిలి ఎన్ని వందల ఏళ్ళయిందో మాకే సరిగా తెలియదు కానీ, ఈ నేలలో నేర్చుకున్న పద్ధతి ఒకటి మా ఇళ్ళలో గట్టిగా పట్టుకుంది. బిడ్డకు ఏ శుభకార్యమైనా మేనమామ రావాలి. చెవులు కుట్టేది ఆయన ఒళ్ళోనే. ఆయన తెచ్చే పళ్ళెరాల వరసను సీరు అంటారు. మదురైలో అయితే మేనమామ సీరు వస్తోందంటే వీధి మలుపులో ఫ్లెక్సీ బ్యానర్ కడతారు. పసుపు, ఆకు, వక్క, పండు పెట్టి పిలిస్తే మేనమామ వట్టి చేతులతో రాకూడదు. ఆయన తెచ్చినదాన్ని వద్దనకూడదు.

విమానం కొడుకూ కోడలూ కలిసి కన్నది కాబట్టి అది బిడ్డే అని అత్తగారు తీర్మానించారు. మొదటి పూజకు ముందు ఒక పళ్ళెంలో ఆకూ వక్కా పసుపూ పెట్టి, మదురైకి పోయే బంధువు చేత మా తమ్ముడికి పంపారు. ఈ సంగతి మా ఆయనకు చెప్పలేదు, నాకు చెప్పారు. నేనూ ఆయనకు చెప్పలేదు. అంత మంచి తమాషాను మధ్యలో చెడగొట్టేంత దుర్మార్గురాలిని కాను.

మా పుట్టింటివాళ్ళది మదురైలో పాత్రల కొట్టు. తమ్ముడు ఇత్తడిని వదిలి ఫైబర్‌లోకి దిగాడు. మాట్టుతావణి బస్టాండు దాటి మేలూరు రోడ్డులో వాడి వర్క్‌షాప్. నీళ్ళ ట్యాంకులు, గుళ్ళకు నెమళ్ళు, హోటళ్ళ ముందు చేతులు జోడించి నిలబడే బొమ్మలు పోస్తాడు. మనిషి కూడా తాను పోసే ట్యాంకులాగే ఉంటాడు. బిడ్డకు ఏం కావాలత్తా అని ఫోన్‌లో అడిగాడట. కమ్మలు అన్నారట అత్తగారు.

కొన్ని రోజులకు వాడు నాకు వాట్సాప్‌లో ఒక ఫొటో పంపాడు. నమూనా తయారైంది. వింగ్లెట్ కొసలో నెమలి మెడ వంపు, అంచుకు బంగారు రంగు గీత. ఆ ఫొటో మా ఆయన కంట పడేలా ఫోను డైనింగ్ టేబుల్ మీద వదిలి నేను వంటింట్లోకి పోయాను.

కేక వినబడలేదు. ఎంతసేపటికీ వినబడకపోతే వచ్చి చూశాను. ఆయన కంప్యూటర్ ముందు కూర్చొని, వింగ్లెట్‌ను అడ్డంగా కోస్తే ఎలా ఉండాలో గీస్తున్నారు. ముందు అంచు ఎంత గుండ్రంగా ఉండాలి, వెనక అంచు ఎంత సన్నం కావాలి, రెక్కకు ఏ కోణంలో తిప్పి బిగించాలి, అంతా. మీకు వింగ్లెట్లు వద్దు కదా అన్నాను. వద్దనడం వేరు, తప్పుగా చెయ్యడం వేరు అని తల తిప్పకుండానే అన్నారు. ఆ బొమ్మలు నా ఫోను నుంచే మదురైకి వెళ్ళాయి. నెమలి మెడ పోయింది. బంగారు గీత మాత్రం తమ్ముడు వదులుకోలేదు.

విమానం షెడ్డు నుంచి తోటకు చేరింది. పూజ రోజు మదురై నుంచి వ్యాను వచ్చింది. కొబ్బరితోటలో ఆడవాళ్ళు వరసగా పళ్ళెరాలు పట్టుకొని నడిచారు. అరటిపళ్ళు, కొబ్బరికాయలు, కలకండ, పట్టుచీర, అది నాకు. చివరి రెండు పళ్ళెరాల్లో మల్లెపూల మధ్య వింగ్లెట్లు, గంధం కుంకుమ పెట్టుకొని. చూస్తే ముఖం కనబడేంత నునుపు. మా ఆయన ఒకదాని అంచు మీద వేలితో గీసి చూశారు. గీసినకొద్దీ ఆయన ముఖం విచ్చుకుంది. అచ్చం తను గీసినట్టే వచ్చింది. నా తమ్ముణ్ణి ఆయన అంత ప్రేమగా చూడడం నేనెప్పుడూ ఎరగను.

తరవాత దాన్ని పైకెత్తారు. ముఖం మూసుకుంది.

ఫైబర్ పనిలో గుడ్డ ఒక పొర, రెసిన్ అనే జిగురు ఒక పొర అలా పరుచుకుంటూ పోతారు. ఇలాంటిదానికి రెండు మూడు పొరలు చాలు. మేడ మీద ఎండకూ వానకూ నిలవాల్సిన ట్యాంకుకు వేసినన్ని వేశాడు నా తమ్ముడు. వాడి వృత్తిలో సరుకు మంచిదంటే మందంగా ఉందనే అర్థం, పలచగా పోసేవాణ్ణి మోసగాడంటారు.

"ఏనుగు ఎక్కి నిలబడినా పగలదు బావా," అన్నాడు.

"ఏనుగు ఎక్కదు కదప్పా," అన్నారు మా ఆయన.

వద్దనడానికి వీల్లేదు. చుట్టూ బంధువులు, పక్కన తల్లి. వాటిని రెక్కల కొసలకు స్క్రూలతో బిగించి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, గుమ్మడికాయ కొట్టాం. అత్తగారు మెటికలు విరిచారు. నిజం చెప్పొద్దూ, విమానం అందంగానే ఉంది.

ఆ మాటకొస్తే వింగ్లెట్లు లేకుండా ఆయన ముందే ఒంటరిగా ఎగిరి చూసి ఉన్నారు. ఇప్పుడు వాటితో ఎగిరారు. చాలా రోజులు పరీక్షించి, నిజాయతీగా చెప్పారు. రన్‌వే చివర కొబ్బరిచెట్లను దాటేటప్పుడు ముందుకంటే కాస్త ఎత్తులో పోతోంది. మెల్లగా పోయేటప్పుడు నిలకడగా ఉంది. కానీ పూర్తి వేగం కొంచెం తగ్గింది, కొసల్లో బరువు వల్ల పక్కకు వాలమంటే బద్ధకిస్తోంది. ఇంతకీ లాభమా నష్టమా అని అడిగాను. ఏం అడుగుతున్నావన్నదాన్ని బట్టి అన్నారు. మంత్రులు చెప్పే జవాబు ఇంజనీర్లకు కూడా వచ్చని అప్పుడే తెలిసింది.

అసలు జవాబు ఆయన చేతులు కడుక్కుంటూ, నాకు వీపు పెట్టి చెప్పారు. వింగ్లెట్ల బరువు కలిపితే గీత దాటిపోతోంది. పక్క సీట్లో నేను పట్టను. పెట్రోలు తగ్గించడానికి వీల్లేదు, అది ప్రాణాలతో పని. నువ్వే ఇంకొంచెం, అని ఆగారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. నేనేమన్నా ఫైబరా, ఒక పొర గీకి పారేయడానికి? వాటిని పీకేయండి అన్నాను. ఆయన వాళ్ళమ్మ గది వైపు చూశారు. దోసె పట్టుకొని వింగ్లెట్ల మీద అంత ఉపన్యాసం ఇచ్చిన మనిషికి, నాలుగు స్క్రూలు విప్పే ధైర్యం లేదు. మేనమామ సీరు విప్పితే తల్లి అన్నం మానేస్తుంది, బావమరిది గడప తొక్కడు. తమ్ముడి సంగతి నాకు తెలుసు. వాడు పోసిన ట్యాంకును ఎవరైనా తిప్పి పంపితే వాడికి నాలుగు రోజులు ముద్ద దిగదు. అందుకని నేనూ గట్టిగా పట్టుబట్టలేకపోయాను. అందరి మర్యాదలూ నిలబడ్డాయి, నా సీటు పోయింది.

ఆదివారాలు విమానం కమ్మలు పెట్టుకొని ఊరేగేది. నేను కొబ్బరిచెట్టు కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చొని, ఫ్లాస్కు మూత తిప్పుతూ ఉండేదాన్ని. ఒక ఆదివారం మా ఫ్యాక్టరీ ఆడిటర్ వచ్చాడు, ఊదితే పడిపోయేంత సన్నటి మనిషి. లెక్కకు సరిపోయాడని మా ఆయన ఆయన్ను ఎక్కించుకున్నారు. నా సీట్లో. మొట్టమొదట. దిగి వచ్చి సూపర్ మేడమ్ అన్నాడు. ఆయనకు చక్కెర లేని కాఫీ పోసి ఇచ్చాను. ఇంటికి పోయాక స్నానాలగదిలో నీళ్ళు వదిలి ఏడ్చాను. నా చేతులు వణికింది ఆ ఆడిటర్ కోసమా అని ఏడ్చాను.

మదురై నుంచి తమ్ముడి ఫోన్లు ఆగలేదు. ఎప్పుడు ఎక్కుతున్నావు అక్కా, వీడియో పంపు అక్కా. ఎండ ఎక్కువగా ఉందనీ, వాన వచ్చేలా ఉందనీ చెబుతూ వచ్చాను. చివరికి వాడు పళని మొక్కుకు పోతూ, చెప్పాపెట్టకుండా కారు మా తోట వైపు తిప్పాడు. ఆ రోజు అత్తగారు కూడా మాతో ఉన్నారు. అక్క ఎగరడం చూసి గానీ కొండెక్కను అని కూర్చున్నాడు.

గాలి సరిగా లేదని మా ఆయన గొణిగారు. తమ్ముడు దూరంగా వరసగా నిలబడిన గాలిమరల వైపు చూశాడు. ఒక్క రెక్కా తిరగడం లేదు.

"గాలే లేదే బావా," అన్నాడు.

అంతే, నాలో ఇన్నాళ్ళు బిగబట్టుకున్నదంతా బయటికి వచ్చింది. కాటా, రాగి జావ, గీత, ఆడిటర్, అన్నీ చెప్పేశాను. మా ఆయన మధ్యలో దూరి, వింగ్లెట్లు మంచివేనని, ఎక్కేటప్పుడు నిజంగా మేలు చేస్తున్నాయని, పనితనం గొప్పదని సర్దబోయారు. తమ్ముడు అదేమీ వినలేదు. రెక్క దగ్గరికి పోయి, తను పోసిన దాని మీద అరచేయి పెట్టి నిలబడ్డాడు.

"ఇవి ఉంటే అక్క ఎక్కలేదా?"

మా ఆయన తల ఊపారు. తమ్ముడు స్క్రూడ్రైవర్ అడిగాడు. మేనమామ పెట్టింది మేనమామే తీస్తే అపశకునం అప్పా అని అత్తగారు అడ్డం వచ్చారు.

"నేను సీరు తెచ్చింది మిషన్‌కి కాదు అత్తా," అన్నాడు వాడు. "మా అక్క కట్టినాదని తెచ్చినాను. ఆమె కింద కూచుంటే ఇది ఎవురికి?"

వాడు స్క్రూలు విప్పుతుంటే, అవి మట్టిలో పడి పోకుండా అత్తగారు కొంగు పట్టుకొని నిలబడ్డారు.

మా ఆయన కొసలకు పాత మూతలు బిగించి, మళ్ళీ మళ్ళీ తట్టి చూసుకున్నారు. నేను ఎక్కాను. చేతిసంచి అత్తగారికి ఇచ్చేశాను. బెల్టు బిగించుకొని చూస్తే, నేను దిమ్మ పట్టిన రివెట్ల వరస కిటికీ పక్కనే రెక్క మీద పొడుగునా కనబడింది. విమానం మట్టి మీద దడదడలాడుతూ పరిగెత్తి, ఒక్కసారిగా ఆ దడ ఆగిపోయింది. లేచామని అలా తెలిసింది. కొబ్బరిచెట్లు ఎదురుగా వచ్చాయి. గెలలు లెక్కపెట్టేంత దగ్గరగా వచ్చాయి. మా ఆయన పెదాలు బిగించారు. దాటాం. దాటాక ఆయన ఊపిరి వదలడం ఇంజను మోతలో కూడా వినబడింది. నేను మాత్రం పకపకా నవ్వుతున్నాను, కళ్ళ నుంచి నీళ్ళు కారిపోతున్నాయి. తోటలూ, కాలవలూ, నిలబడిపోయిన గాలిమరలూ అన్నీ నా కింద. పళని కొండ కనబడుతుందేమోనని మెడ సాచి చూశాను. కనబడలేదు. అయినా ఒక దండం పెట్టుకున్నాను.

దిగి వచ్చేసరికి తమ్ముడు రన్‌వే పక్కన నేల మీద కూర్చొని ఉన్నాడు, వింగ్లెట్లు రెండూ పక్కన పెట్టుకొని. అత్తగారు వాడి వెనక నిలబడి కొంగులోని స్క్రూలు కాగితంలో చుడుతున్నారు. సంతోషంలో నేను వెనకాముందూ చూసుకోకుండా, నువ్వూ ఒకసారి ఎక్కరా అన్నాను. మా ఆయన వాడి పొట్ట వైపు చూసి మర్యాదగా ఆకాశం వైపు తిరిగారు.

"నన్ను ఎక్కించాల అంటే బావను దించాల," అని తమ్ముడు నవ్వాడు. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. లేచి ప్యాంటు దులుపుకున్నాడు.

"భయపడినావా అక్కా?"

"లేదురా."

"నేను పడినాను. ఆ చెట్ల కాడికి వచ్చినప్పుడు కళ్ళు మూసుకున్నాను. మిషన్ శబ్దం తిరిగి కిందికి వచ్చేదాకా తెరవలేదు. నువ్వు ఎగిరింది నేను సూడనే లేదు."

అది చూడడానికే కొండెక్కడం ఆపుకొని కూర్చున్నవాడు. నేను మా ఆయన వైపు చూశాను. ఆయన విమానంలోకి వంగి పెట్రోలు ముల్లు చూసి, ఇంకొక్క చుట్టుకు సరిపోతుంది అన్నారు. ఈసారి కళ్ళు తెరుచుకొని ఉండు అని తమ్ముడికి చెప్పి, మళ్ళీ ఎక్కి బెల్టు బిగించుకున్నాను.